మా బావ విని పంపిన బండ్లు

మా బావకు అసలు పేరు ఒకటుంది. అది కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. కార్లున్న వాళ్ళందరికీ ఆయన చెవుల మేస్త్రి. ఆ పేరు మొదట ఎవరు పెట్టారో తెలియదు కానీ, బావ మాత్రం దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగాడు. షెడ్డుకు బోర్డు రాయించేటప్పుడు పెయింటరు "ఓనరు పేరేం రాయమంటారు?" అని అడిగితే, "చెవుల మేస్త్రి అని రాయి, ఇంకేం అక్కర్లేదు" అన్నాడు. పెయింటరు తనకు తోచినట్టు పక్కన ఇంత చెవి బొమ్మ కూడా వేసి పెట్టాడు. అది చూసి చెవిపోటు వాళ్ళు ఇద్దరు ముగ్గురు లోపలికొచ్చి, గ్రీజు చేతులతో నిలబడ్డ మా బావను చూసి హడలిపోయి వెళ్ళారు.

ఆయన పని సైలెన్సర్లు. ఇంజను దగ్గర మొదలై బండి కిందుగా వెనకదాకా పోయే పొగ గొట్టానికి తుప్పు పట్టి చిల్లు పడితే అతకడం, విరిగితే కొత్తది వంచి వెయ్యడం, గోల చేసే బండిని నోరు మూయించి పంపడం. నేను ఆయన భార్యకు చెల్లెల్ని. షెడ్డులో ఒక మూల అద్దాల గదిలో కూర్చుని వచ్చిన బండికల్లా జాబ్ కార్డు రాయడం, ఫోన్లు ఎత్తడం నా పని. పదహారేళ్ళు చేశాను. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేదాంట్లో బావ తప్పు ఎంత ఉందో నాది కూడా అంత ఉంది. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను. అంతా అయ్యాక కళ్ళొత్తుకుంటూ ఒప్పుకునే మనిషిని కాను నేను.

బావ చెవి గొప్పదే. అందులో అబద్ధం లేదు. ఇనపకడ్డీ ఒక చివర పళ్ళ మధ్య పట్టుకుని, రెండో చివర గొట్టానికి ఆనించి, లోపల ఏ రేకు ఊడిందో చెప్పేవాడు. కోసి చూస్తే సరిగ్గా అదే రేకు ఊడి ఉండేది. ఇక పని అయ్యాక బండిని పాస్ చేసే పద్ధతి ఒకటుంది. ఇంజను ఆన్‌లో ఉండగా వెనక గొట్టం నోటికి తడిగుడ్డ అడ్డం పెట్టి కాలితో అదమాలి. పొగకు బయటికి దారి ఉండదు. అతుకులో సూదిమొనంత సందున్నా అక్కడినుంచి "స్..." అని సన్నగా తన్నుకొస్తుంది. గుడ్డ అదిమే పని నాది. బావ బండి కింది గుంటలోకి దిగి, అతుకు అతుకుకీ చెవి తిప్పుతూ ఈ చివరినుంచి ఆ చివరికి నడిచేవాడు. ఎక్కడా చప్పుడు వినిపించకపోతే "పాస్" అని అరిచేవాడు. నేను కాలు తీసేదాన్ని, కార్డు మీద టిక్కు పెట్టేదాన్ని. అంతకు మించి మా షెడ్డులో పరీక్ష లేదు. ఆ చెవి ఉండగా ఎందుకని మా ధీమా.

కొన్నేళ్ళకు కాలం తిరగబడింది. చప్పుడు తగ్గించమని వచ్చేవాళ్ళు పోయి, చప్పుడు పెంచమని వచ్చేవాళ్ళు మొదలయ్యారు. ఫ్రీ ఫ్లో అంటారు, స్పోర్ట్స్ ఎగ్జాస్ట్ అంటారు. నిక్షేపంలాంటి కంపెనీ గొట్టం పీకించి, దాని స్థానంలో మెరుస్తూ లావుగా ఉండేదొకటి పెట్టించుకోవాలి. వీధి చివరినుంచి చంటిపిల్లలు ఉలిక్కిపడి లేవాలి. అదీ వాళ్ళ సరదా.

మొదట్లో బావ మెడపట్టి గెంటినంత పని చేసేవాడు. "ఎందుకు బాబూ? నీకు పవర్ కావాలా? ఈ ఇంజను పీల్చే గాలి ఇంతే, వదిలే పొగ ఇంతే. దానికి ఎంత గొట్టం కావాలో తయారుచేసినవాడు చూసుకునే వేశాడు. నువ్వు లావుది వేస్తే పొగ నీరసంగా పోతుంది, కింది గేర్లలో బండి ఈడుస్తుంది. రేసు బండికి వేస్తారంటావా? వాళ్ళు ఇంజనంతా విప్పి మార్చి, దాని కంప్యూటర్ మార్చి, ఆఖరున గొట్టం మారుస్తారు. నువ్వు ఆఖరుదొక్కటి ముందే పట్టుకొచ్చావు" అని క్లాసు పీకేవాడు. వాళ్ళు శ్రద్ధగా తలూపి, రోడ్డు దాటి ఎదుటి షాపులో పెట్టించుకునేవాళ్ళు. నెల తిరక్కముందే అతుకు ఊడి, గొట్టం రోడ్డుకు రాసుకుంటూ నిప్పురవ్వలు రాలుస్తూ మళ్ళీ మా దగ్గరికే వచ్చేవాళ్ళు.

అలా ఏడాది చూశాడు బావ. "ఎలాగూ పెట్టించుకుంటారు. ఆ చెత్త వెల్డింగేదో కాకుండా నా చేత్తో గట్టిగా వేస్తే కనీసం ఊడకుండా అయినా ఉంటుంది కదే" అన్నాడు నాతో. మనసుకు సర్దిచెప్పుకోవడానికి మనిషికి ఒక మంచి కారణం దొరికితే చాలు, ఇక ఆగడు. బావకు దొరికింది. మరుసటి నెలనుంచి మా షెడ్డు కూడా గర్జించడం మొదలుపెట్టింది.

పదేళ్ళు ఆ గర్జనలో బతికాం. గొట్టం వేశాక ఎలా ఉందో వినాలి కదా, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి పట్టేవాళ్ళు. రేకుల కప్పు అదిరేది. నా అద్దాల గదిలో గ్లాసులో నీళ్ళు వణికేవి. నాకు గది ఉంది, తలుపు వేసుకునేదాన్ని. బావ సరిగ్గా గొట్టం పక్కన నిలబడేవాడు. చెవులకు పెట్టుకునే తొడుగులు కొనుక్కొచ్చి ఇచ్చాను. విసిరి పారేశాడు. "చెవులు మూసుకుని నేనేం పని చెయ్యను? నువ్వు కళ్ళు మూసుకుని కార్డు రాయగలవా?" అన్నాడు. దానికి జవాబు ఇప్పుడు తోస్తోంది, కానీ ఏం లాభం?

చెవి ఒక్కసారిగా పోదు. సన్నటి శబ్దాలు ముందు పోతాయట, బొంగురువి మిగులుతాయట. ఇంజను వినిపిస్తుంది, మగవాళ్ళ గొంతులు వినిపిస్తాయి. కుక్కరు కూత, ఫోను మోత, ఫోనులో ఎవరి మాటైనా, ఆడవాళ్ళ మాట వినిపించవు. అక్క అయితే "మీ బావకు నా మాట తప్ప లోకంలో అన్నీ వినిపిస్తాయే" అని దెప్పేది. మేం నవ్వుకునేవాళ్ళం. పెళ్ళయిన ఇరవై ఏళ్ళకు పెళ్ళాం మాట వినపడకపోవడం ఏ ఇంట్లోనైనా మామూలేగా అనుకున్నాం. ఒకరోజు ఆయన జేబులోనే ఫోను మోగుతుంటే, ఆయన దానివంక చూడను కూడా చూడకుండా రెంచీ తిప్పుతూ ఉండిపోయాడు. ఆ రోజు నాకు నవ్వు రాలేదు.

అక్కతో చెబితే గబుక్కున తలుపు వేసి వచ్చింది. "నాకు ఎప్పుడో తెలుసు. ఎవరితోనూ అనకు. బండ్లవాళ్ళు వచ్చేదే ఆ చెవి కోసం. అది లేదని తెలిస్తే షెడ్డు మూసుకోవడమే" అంది.

"డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళరాదూ?"

"ఒకసారి అన్నాను. రెండు రోజులు అన్నం తినలేదు. మళ్ళీ ఎత్తితే ఒట్టు."

అప్పటినుంచి నేనే ఆయనకు చెవినయ్యాను. కస్టమరు చెప్పింది కార్డు మీద రాసి ఆయన కళ్ళముందు పెట్టేదాన్ని. ఆడవాళ్ళెవరైనా వస్తే వాళ్ళు అన్నదే మళ్ళీ గట్టిగా, ఏదో నాకు అర్థంకానట్టు అనేదాన్ని. ఎంత బాగా చేశానంటే, నాలుగేళ్ళు ఒక్కరికీ అనుమానం రాలేదు. ఆ నాలుగేళ్ళలోనే బావ తన పనితనం గురించి గొప్పలు చెప్పుకోవడం ఎక్కువైంది. "చూశావా, వయసొచ్చేకొద్దీ చెయ్యి తిరుగుతోంది. ఇదివరకు పది బండ్లలో ఒకదాంట్లోనైనా లీకు వినిపించేది, మళ్ళీ అతికేవాణ్ణి. ఇప్పుడు ఒక్కటంటే ఒక్కటి లేదు" అనేవాడు. నేను టిక్కు పెట్టేదాన్ని. చెవులు పోయినవాడికి అన్ని అతుకులూ బాగానే ఉంటాయని నా బుర్రకు తట్టలేదు. తట్టిందేమో, నేనే కసిరి కూర్చోబెట్టానేమో. ఇప్పుడు ఖాయంగా చెప్పలేను.

ఇక మా ఆయన సంగతి. పార్సిల్ ఆఫీసులో ఉద్యోగం. పొద్దున్నే వెళ్ళి, డబ్బాల మీద ముద్రలు కొట్టి, సాయంత్రం రావడం. అంత నెమ్మదస్తుడు ఒక పాత కారు కొన్నాడు. కొన్నాక ఆఫీసులో ఎవరి బండో చప్పుడు విని మనసు పారేసుకున్నాడు. ఒక ఆదివారం తోడల్లుడి దగ్గరికి వెళ్ళి, కట్నమడిగే పెళ్ళికొడుకులా నసిగాడు.

"అన్నయ్యా, నిజం చెప్పు. పెట్టించుకుంటే ఉపయోగం ఉందా, లేదా?"

"నీకు చప్పుడు కావాలా, స్పీడు కావాలా?"

"రెండూ."

"చప్పుడు ఇవ్వగలను తమ్ముడూ."

మా ఆయన ఊరుకోలేదు. ఫోనులో చూసినవన్నీ వల్లించాడు. ఇంజను ఊపిరి పీల్చుకుంటుందన్నాడు, గుర్రాలు, అదే హార్స్ పవరు, పెరుగుతాయన్నాడు. బావకు విసుగొచ్చి, "సరే, ఫ్లైఓవరు ఎక్కుదాం రా" అని మమ్మల్నిద్దర్నీ బండిలో కూలేశాడు. కింద సిగ్నలు దగ్గర రెండో గేరులో మొదలుపెట్టి, పైన దీపస్తంభం దాకా ఎన్ని సెకన్లో నేను ఫోనులో చూడాలి. మూడుసార్లు ఎక్కించాడు. మూడుసార్లూ పదకొండు సెకన్లు. గొట్టం వేశాక మళ్ళీ అక్కడికే తీసుకెళ్ళాడు. పన్నెండు వచ్చింది. రెండోసారీ పన్నెండే. బండి మాత్రం కొండను పిండి చేస్తున్నట్టు అరిచింది.

"చూశావుగా. సెకను పోయింది" అన్నాడు బావ.

"ఇదే సరిగ్గా నొక్కి ఉండదు" అని మా ఆయన నావైపు చూపించాడు. ఆయన మొహం వెలిగిపోతోంది. "నాకైతే విమానంలా లేచినట్టుంది అన్నయ్యా" అన్నాడు. దానికి మందు లేదు. చప్పుడు పెరిగితే వేగం పెరిగినట్టు ఉంటుంది మనిషికి. ఇంట్లో అరిచేవాళ్ళమాటే చెల్లినట్టు.

ఆ రోజు బావ ఇంకో పని కూడా చేశాడు. ఇంజనుకూ వెనక సైలెన్సరు డబ్బాకూ మధ్య పొగలోని విషాన్ని తగ్గించే కన్వర్టరు ఒకటుంటుంది. అదుంటే గర్జన గొంతులోనే ఆగిపోతుందని, తీసెయ్యమని మా ఆయన పట్టుబట్టాడు. బావ వద్దన్నాడు. "నువ్వు తియ్యకపోతే ఎదుటి షాపులో తీయించుకుంటాను" అన్నాడు ఈయన. బావ పళ్ళు నూరుకుంటూ దాన్ని కోసి, ఆ ఖాళీలో తిన్నటి గొట్టం అతికాడు. నేను గుడ్డ అదిమాను. బావ గుంటలో ఈ చివరినుంచి ఆ చివరికి నడిచాడు.

"పాస్."

నెల రోజుల్లో నాకు తలనొప్పులు మొదలయ్యాయి. కళ్ళజోడు మార్పించుకున్నాను. మా అత్తగారికి మోకాలి వ్యాయామాల కోసం వారానికి రెండుసార్లు ఆస్పత్రికి వెళ్ళాలి. ఆవిడ ఎప్పుడూ వెనక సీట్లోనే కూర్చునేవారు. "బండి ఎక్కితే చాలు, తల దిమ్మెక్కుతోందమ్మాయ్. ఏదో వాసన" అనేవారు. "స్పోర్ట్స్ బండి కదమ్మా, కాస్త పెట్రోలు వాసన ఉంటుంది, అదే అలవాటవుతుంది" అని కొడుకుగారి సమాధానం. పొద్దున్నే చల్లగా ఉన్న బండి స్టార్ట్ చేస్తే కిందనుంచి చిట్ చిట్‌మని సన్నటి చప్పుడు వినిపించేది. పదహారేళ్ళు సైలెన్సర్ల షెడ్డులో కూర్చున్నదాన్ని, ఆ చప్పుడు ఏమిటో నాకు తెలియదా?

బావను ఇంటికి పిలిచాను. వాకిట్లో చాప పరుచుకుని బండి కిందికి దూరాడు. నేను గుడ్డ అదిమాను. మా ఆయన, అత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. నాకు స్పష్టంగా వినిపించింది. స్... అని, పాము బుసకొట్టినట్టు, ఆయన తలకు జానెడు దూరంలో. బావ అటూ ఇటూ చెవి తిప్పి, నింపాదిగా బయటికి వచ్చి చేతులు దులుపుకున్నాడు.

"ఏం లేదు. ఒక్క లీకు లేదు."

"నాకు వినిపిస్తోంది బావా" అన్నాను గట్టిగా.

"నీ చెవా, నా చెవా?" అన్నాడు నవ్వుతూ.

మా ఆయన కూడా నవ్వాడు. "అన్నయ్యకే పాఠాలు చెబుతున్నావా?" అన్నాడు. అత్తగారు కూడా, "ఆయన చెవినిబట్టే కదమ్మా ఆ పేరు" అన్నారు.

అక్కడ నేనొక్క మాట అనాలి. నీకు వినపడదు బావా, అని. మూడు మాటలు. మా ఆయన ముందు, అత్తగారి ముందు, ఆయన నవ్వుతున్న మొహం ముందు అనాలి. అనలేదు. గుడ్డ పక్కనుంచి గాలి పోతోందేమో, నేను సరిగా అదమలేదేమో అని నాకు నేనే చెప్పుకుని నమ్మేశాను. లీకు చెవితో విన్నదాన్ని, పేరు చూసి నోరు మూసుకున్నాను. ఆ రోజు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

తర్వాత రెండు వారాలకు, మా ఆయన సెలవు పెట్టిన రోజు, ఆస్పత్రినుంచి తిరిగొస్తుంటే కుంభవృష్టి. మధ్యాహ్నం మూడయింది. వంతెన కింద నీళ్ళు నిలిచి బండ్లన్నీ ఆగిపోయాయి. అద్దాలు ఎత్తి, ఏసీ వేసి, ఇంజను ఆపకుండా యాభై నిమిషాలు కూర్చున్నాం. నాకు కడుపులో తిప్పి, నా పక్క అద్దం కొంచెం దించుకున్నాను. చినుకులు మీద పడుతున్నాయని మా ఆయన విసుక్కున్నాడు. వెనక అత్తగారు సీటుకు తలవాల్చి నిద్రపోతున్నారు. లేపబోయాను.

"పడుకోనీ. మోకాలు నొప్పితో రాత్రంతా నిద్రలేదు అమ్మకు" అన్నాడు.

ఇంటిముందు ఆగాక లేపితే లేవలేదు. మొహం ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్నట్టు కనిపిస్తోంది. ఆ ఎరుపు చూసి మేం మొదట భయపడను కూడా లేదు. మళ్ళీ ఆస్పత్రికి పరుగెత్తాం, అదే బండిలో, అన్ని అద్దాలూ దించుకుని. రక్తపరీక్ష చూసి డాక్టరు, "మూసిన గదిలో బొగ్గులు కాల్చారా?" అని అడిగింది. లేదన్నాను. "మరి రక్తంలో ఇంత పొగ విషం ఎక్కడిది?" అంది. మా ఆయన నావైపు చూశాడు. నేను నేలవైపు చూశాను.

అత్తగారు మూడోరోజుకు కళ్ళు తెరిచారు. బతికారు. బతికారని అందరం దండాలు పెట్టుకున్నాం. తర్వాత తెలిసింది, వచ్చింది సగం మనిషేనని. బట్టల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు కాజాలు కుట్టిన చేతులు ఆవిడవి, రోజుకు వందల చొక్కాలు. ఇప్పుడు తన జాకెట్టు గుండీ తను పెట్టుకోలేరు. వేళ్ళు గుండీ మీదే ఉంటాయి, తర్వాత ఏం చెయ్యాలో తెలియక ఆగిపోతాయి. నా మొహంలోకి చూసి మర్యాదగా, "కాస్త సాయం చేస్తారా అండీ?" అంటారు. పద్దెనిమిదేళ్ళు నన్ను అమ్మాయ్ అని పిలిచిన మనిషి.

బావ ఒప్పుకోలేదు. "నేను విన్న బండి అది. ఇంట్లో గ్యాస్ బండ ఏమైనా లీకవుతోందేమో చూసుకోండి" అన్నాడు. అప్పుడు నాకు మండింది. బండి తెప్పించి గుంట మీద పెట్టించాను. రోడ్డు దాటి ఎదుటి షాపు మేస్త్రిని అడిగాను, మీరు లీకు ఎలా పట్టుకుంటారని. అతను వింతగా చూశాడు.

"గొట్టంలోకి గాలి కొట్టి, అతుకుల మీద సబ్బునీళ్ళు పొయ్యడమే కదమ్మా. ఈ రోజుల్లో చెవి పెట్టి వినేవాళ్ళెవరున్నారు, మీ బావగారు తప్ప?"

చేతులు కడుక్కునే సబ్బుపొడి చెంబులో కలిపాను. దుమ్ము ఊదే బ్లోయరు మూతిని వెనక గొట్టంలో పెట్టి చుట్టూ గుడ్డ కుక్కాను. బావను గుంటలోకి పిలిచి, ఆయన కళ్ళముందు ఆ కొత్త అతుకు మీద నీళ్ళు పోశాను. నురగ లేచింది. మొదట చిన్నగా, తర్వాత పిడికిలంత. తుడిచి మళ్ళీ పోశాను. మళ్ళీ లేచింది. దానికి సరిగ్గా పైన, వెనక సీటు కింది రేకులో రబ్బరు మూత ఊడిపోయిన కన్నం కనిపించింది. విషమంతా అందులోంచే ఎక్కింది.

బావ ఆ నురగను వేలితో తాకి చూశాడు.

"ఎన్నాళ్ళనుంచి తెలుసు నీకు?" అన్నాడు. లీకు గురించి కాదు.

"నాలుగేళ్ళు" అని వేళ్ళు చూపించాను.

"మీ అక్కకు?"

"నాకంటే ముందే."

"నాకు మీ ఇద్దరికంటే ముందు" అన్నాడు. గుంట మెట్టు మీద కూర్చుండిపోయాడు. నాకు ఆయన్ని ఓదార్చాలనిపించలేదు. తిట్టాలనీ అనిపించలేదు. ముగ్గురం కలిసి దాచిన చెవి అది. అందుకు మూల్యం ఆ ముగ్గురిలో లేని మనిషి చెల్లించింది.

ఆ మధ్యాహ్నమే బీరువాలోంచి నాలుగేళ్ళ కార్డులు తీశాను. ఫ్రీ ఫ్లో వేసి, బావ విని, నేను టిక్కు పెట్టి పంపినవి మూడువందల పద్దెనిమిది. ఒక్కొక్కటే ఫోను చెయ్యడం మొదలుపెట్టాను. మీ బండిలో పొగ లీకు ఉండొచ్చు, అందాకా అద్దాలు దించుకుని తిరగండి, తీసుకొస్తే సరిచేసి పంపుతాం, అని. ఏమంటారనుకున్నారు? ఒకాయన నవ్వాడు. "చెవుల మేస్త్రి విని పంపిన బండికి లీకేంటమ్మా?" అన్నాడు. ఇంకొకడు, "పాత గొట్టం పెట్టించుకోమనే ఎత్తు కదా ఇది? మీ మేస్త్రికి మొదటినుంచీ ఇష్టం లేదుగా" అన్నాడు. ఒకామె, "ఎదుటి షాపువాళ్ళు చేయిస్తున్నారా మీచేత?" అని నిలదీసింది. రెండు రోజుల్లో నూటపది మందితో మాట్లాడితే తొమ్మిది మంది వస్తామన్నారు. ఆరుగురు వచ్చారు. ఆరు బండ్లలో నాలుగింటికి నురగ లేచింది.

మూడోరోజు బావ గదిలోకొచ్చి నా పక్కన నిలబడ్డాడు. కార్డుల్లోంచి ఒకటి లాగాడు. జిమ్ములో కసరత్తు నేర్పే కుర్రాడిది. మా బండికి వేసిన వారంలోనే, అదే కొలత గొట్టం, అదే అతుకు. ఇద్దరు చిన్నపిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని స్కూలుకు దింపి, వదిలే వేళకు మళ్ళీ తీసుకొస్తాడు. మేం ముందురోజు ఫోను చేస్తే, "మేస్త్రిగారు చెబితే అప్పుడు చూద్దాం" అని కొట్టిపారేశాడు.

"కలుపు. నేనే చెబుతాను" అన్నాడు బావ.

కలిపి ఇచ్చాను. పక్కనుంచే నాకు అవతలి మాట వినిపిస్తోంది. "ఏంటి మేస్త్రిగారూ, మీరు కూడానా? నేను డ్యూటీలో ఉన్నాను, తర్వాత మాట్లాడతా" అని ఆ కుర్రాడు పెట్టేశాడు. టుక్కుమని ఫోను ఆగిపోయింది. బావ మొదలుపెట్టాడు.

"బాబూ, నేను మేస్త్రిని. జాగ్రత్తగా విను. నాకు చెవులు వినపడవు. ఆరేళ్ళయింది. నీ బండి నేను విన్నానన్నది అబద్ధం. నాకేం వినపడలేదు, అందుకని పాస్ అన్నాను. మా ఇంట్లో పెద్దావిడ పాడైపోయింది నా వల్ల. పిల్లల్ని అందులో ఎక్కించకు నాయనా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

జీవితంలో మొదటిసారి ఆ మాట బయటికన్నాడు. గోడకు ఆనుకున్నాడు. ఫోను చెవికి అలాగే పెట్టుకుని కాసేపు ఆగాడు. తర్వాత నాకు తిరిగిస్తూ, "విన్నాడు పాపం. ఎదురు మాట్లాడలేదు" అన్నాడు.

నేను ఆయన భుజం పట్టుకుని, నోరు చెవి దగ్గర పెట్టి అరిచాను. "వినలేదు బావా. నువ్వు మొదలుపెట్టకముందే పెట్టేశాడు."

ఆయన నా పెదాలవైపు చూశాడు. అర్థమయింది.

"అయితే మళ్ళీ కలుపు" అన్నాడు.

కలిపాను. ఎత్తలేదు. మళ్ళీ కలిపాను. గోడ గడియారంలో మూడున్నర అవుతోంది, స్కూలు వదిలే వేళ. నాలుగోసారి కలిపి ఆయన చేతికిచ్చాను. బావ ఫోను చెవికి అదిమిపెట్టి నిలబడ్డాడు. అవతల మోగుతోందో, ఎవరైనా ఎత్తారో ఆయనకు తెలియడం లేదు. "బాబూ, నాకు చెవులు వినపడవు" అని మళ్ళీ మొదలుపెట్టాడు.